ఒప్పంద పునరుద్ధరణ (స్వతంత్ర వృత్తి)

ఒప్పంద పునరుద్ధరణ అనగా గడువు ముగిసిన లేదా ముగియబోతున్న ఒప్పందాన్ని పాత షరతులతో గాని, మార్చిన షరతులతో గాని మరికొంత కాలం కొనసాగించడం. నెలజీతం లేకుండా ఒప్పందంపై పనిచేసే అధ్యాపకులు, రచయితలు, అనువాదకులకు ఇది తరచుగా ఎదురయ్యే విషయం. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 62వ సెక్షను ప్రకారం, ఉభయులూ అంగీకరించి పాత ఒప్పందం స్థానంలో కొత్తది చేసుకొన్నచో పాతదానిని అమలు పరచనవసరం లేదు. కావున పునరుద్ధరణ పత్రాన్ని కొత్త ఒప్పందంగా భావించి మొదటినుండి చివరివరకు చదువవలెను.

నేపథ్యం

హైదరాబాదులోని అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతాలు పోటీ పరీక్షల శిక్షణకు ప్రసిద్ధి చెందినవి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం ఈ అభ్యర్థులకు ముఖ్యమైన చదువుల కేంద్రం. ఇక్కడి శిక్షణ సంస్థలలో గంటకింత, బ్యాచికింత అనే లెక్కన బోధించే అధ్యాపకులు కలరు. ఉదయం అశోక్ నగర్‌లోను, సాయంత్రం నారాయణగూడలోను పాఠాలు చెప్పేవారికి ఒక్క షరతు మారినా ఆదాయంలో పెద్ద తేడా వస్తుంది.

బ్యాచిలు పరీక్షల ప్రకటనలపై ఆధారపడి ఉంటాయి. 2022 అక్టోబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-1 ప్రాథమిక పరీక్ష 2023 మార్చిలో రద్దయినది. 2023 జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసినది. ఇటువంటి అనిశ్చితిలో కనీస పని హామీ ఎంతో ముఖ్యం.

పరిశీలించవలసిన అంశాలు

- పారితోషికం, పని గంటలు: రెండింటినీ కలిపి లెక్కించవలెను. ఉదాహరణకు, గంటకు 800 రూపాయల చొప్పున నెలకు 60 గంటలకు 48,000 రూపాయలు. రేటును 900కు పెంచి గంటలను 45కు తగ్గించిన వచ్చేది 40,500 మాత్రమే.
- దానంతటదే పొడిగింపు: ఫలానా తేదీలోగా వద్దని తెలుపకపోతే ఒప్పందం కొనసాగుతుందనే షరతు ఉన్నచో, ఆ తేదీని గుర్తుంచుకోవలెను.
- బకాయిలు: "పాత బాకీలు ఏవీ లేవు" అనే వాక్యం ఉన్నచో, రావలసిన సొమ్ము ముట్టిన తరువాతనే సంతకం చేయవలెను.
- రద్దు: ముందస్తు నోటీసు గడువు ఇరుపక్షాలకూ సమానంగా ఉన్నదో లేదో చూడవలెను.

ఇతర సంస్థలలో పనిచేయుట

ఒప్పంద కాలంలో మరొకచోట పనిచేయరాదనే షరతును న్యాయస్థానాలు సాధారణంగా అంగీకరిస్తాయి. గడువు ముగిసిన తరువాత కూడా వృత్తిని అడ్డుకొనే షరతు 27వ సెక్షను ప్రకారం చెల్లదు. క్రికెట్ క్రీడాకారుడు జహీర్ ఖాన్ 2000లో ఒక సంస్థతో మూడేళ్ళ ఒప్పందం చేసుకొన్నాడు. గడువు తీరాక ఇతరులనుండి వచ్చే అవకాశాన్ని ముందుగా తమకే ఇవ్వవలెనని ఆ సంస్థ కోరగా, అటువంటి షరతు అమలుకు రాదని 2006లో సుప్రీంకోర్టు అభిప్రాయపడినది. అయితే ఒప్పందాన్ని పొడిగించినచో, గడువుతో ముగియవలసిన ఆంక్ష కూడా పొడిగింపబడుతుంది.

నోట్సుపై హక్కు

కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి తన ఉద్యోగ విధిలో వ్రాసినదానికి, వేరే ఒడంబడిక లేనిచో, యజమానియే మొదటి హక్కుదారు. స్వతంత్రంగా పనిచేసేవారు వ్రాసిన నోట్సుపై మొదటి హక్కు సాధారణంగా రచయితదే. దానిని బదిలీ చేయుటకు సంతకంతో కూడిన వ్రాతపత్రం అవసరం. బదిలీ పత్రంలో కాలపరిమితి వ్రాయనిచో అది 5 సంవత్సరాలుగా పరిగణింపబడుతుంది. "శాశ్వతంగా" అనే ఒక్క మాట కొత్త పత్రంలో చేరినచో, ఏళ్ళ తరబడి తయారుచేసుకొన్న పాఠాలు చేజారిపోవచ్చు. కావున పాత, కొత్త పత్రాలను పక్కపక్కన ఉంచుకొని, మారిన ప్రతి మాటకు కారణం అడిగి, సంతకమైన ప్రతిని భద్రపరచుకొనవలెను.

ఇవి కూడా చూడండి

- భారత ఒప్పందాల చట్టం, 1872
- కాపీరైటు
- చిక్కడపల్లి