లారీకి పాలసీ ఉంది... డ్రైవర్‌కి?

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న లారీ ఓనర్లకు పద్దులు రాయడం నా పని. రెండు లారీల వాళ్లున్నారు, ఐదారు లారీల వాళ్లున్నారు. టైర్లకెంత, కిస్తీకెంత, ఎఫ్‌సీకెంత... రోజూ ఇవే లెక్కలు. ఈమధ్య ఆరు లారీలున్న ఓనరు ఒకాయన కొత్త ప్రశ్న తెచ్చారు. "డ్రైవర్లకు హెల్త్ ఇన్సూరెన్స్ కట్టమంటారా, వద్దంటారా?"

ఊరికే అడగలేదు. పద్నాలుగేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న డ్రైవర్‌కి నాగపూర్ దాటాక గుండెనొప్పి వచ్చింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చారు. ఓనరు వడ్డీకి తెచ్చి డబ్బు పంపారు. డ్రైవర్ భార్య మెడలో గొలుసు తాకట్టుకెళ్లింది. మనిషి బతికాడు. ఓనరు పంపిన డబ్బును పద్దులో 'అడ్వాన్స్' అని రాశాం. అది ఎప్పటికి తీరుతుందో ఇచ్చినాయనకీ తెలీదు, తీసుకున్నాయనకీ తెలీదు.

'ఉంది కదా' అనుకునేవి

చాలామంది ఓనర్లు మొదట చెప్పేది లారీ పాలసీ గురించే. నిజమే, అందులో 'పెయిడ్ డ్రైవర్' అని ఒక వరుస ఉంటుంది. డ్యూటీలో ప్రమాదం జరిగి గాయపడినా, చనిపోయినా ఓనరు మీద పడే నష్టపరిహారం భారం కోసం అది. బీపీకి, షుగర్‌కి, గుండెనొప్పికి దాంతో సంబంధం లేదు.

రెండోది బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలకిచ్చే సురక్షా బీమా. తప్పక తీసుకోవాల్సిందే. కానీ అది ప్రమాద మరణానికి, వైకల్యానికి. 436 రూపాయల జీవన్ జ్యోతి మనిషి పోయాక కుటుంబానికిచ్చేది. ఆసుపత్రి బిల్లు రెండూ కట్టవు.

మూడోది ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ. పెద్ద జబ్బులకు గొప్ప ఆసరా. అయితే జాబితాలోని చికిత్సలకు, నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే. మన డ్రైవర్ నెలలో సగం రోజులు రాష్ట్రం బయటే తిరుగుతుంటాడు.

క్లీనర్లను మర్చిపోతే ఎలా?

నేను ఆయన్ని అడిగిన మొదటి మాట, "మీ దగ్గర ఎంతమంది?" అని. "ఆరుగురు" అన్నారు. "క్లీనర్లు?" "నలుగురు." మొత్తం పదిమంది. పదిమంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపున్న వాళ్లందరికీ కట్టాలి. అంటే ఆయన 'కట్టాలా, వద్దా' అని అడుగుతున్నది ఎప్పుడో చట్టం తేల్చేసిన విషయం!

లెక్క కూడా వేసి చూపించాను. ఓనరు వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. 18,000 జీతమున్న డ్రైవర్‌కి ఓనరు 585 కట్టాలి, డ్రైవర్‌కి 135 కోతపడుతుంది. 12,000 తీసుకునే క్లీనర్‌కి ఓనరు 390. పదిమందికీ కలిపి నెలకు 5,070 రూపాయలు. కొత్త టైరు ధరలో సగం కూడా కాదు.

బదులుగా కుటుంబానికంతటికీ వైద్యం. పాత జబ్బులున్నా సరే. కనీసం 78 రోజుల చందా ఉంటే, జబ్బుచేసి మంచాన పడిన రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు.

ఇబ్బందీ ఉంది. గుణదలలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది గానీ, హైవే మీద ప్రాణం మీదికొస్తే ఏది దగ్గరైతే అక్కడికే వెళ్లాలి. అత్యవసరంలో బయట చేరితే బిల్లులు పెట్టి నిబంధనల మేరకు తిరిగి తీసుకోవచ్చు, కానీ ముందు చేతి డబ్బు కావాలి.

రెండు మూడు లారీల వాళ్లయితే?

పదిమంది లేకపోయినా ఓనరు, ఎక్కువమంది కార్మికులు ఒప్పుకుంటే ఈఎస్ఐలో స్వచ్ఛందంగా చేరే వీలు కొత్త సామాజిక భద్రతా చట్టంలో ఉంది. రెండో దారి, డ్రైవర్ పేరు మీదే సొంత పాలసీ తీయించి ప్రీమియంలో సగం భరించడం. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు. అయితే ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. షుగర్ వచ్చాక కాదు, రాకముందే తీసుకోవాలి.

"రేపు వాడు వేరే ఓనరు దగ్గరికి పోతే నా డబ్బు పోయినట్టే కదా?" అంటారు. ఆ సగం ప్రీమియం పనిచేసిన ఏడాదికి ఇచ్చిన జీతమే అనుకోండి. పాలసీ మనిషితో పోతుంది, పోనివ్వండి. డ్రైవర్లూ ఒకటి గమనించాలి. "ఆ కోసేదేదో బత్తాలో కలిపివ్వండి సార్" అని అడిగేవాళ్లే ఎక్కువ. నెలకు 135 మిగులుతుంది నిజమే. ఆసుపత్రి మెట్లెక్కిన రోజున అది సెలైన్ సీసాకి కూడా చాలదు.

ఆ ఓనరు కాసేపు ఆలోచించి, పదిమంది ఆధార్ కార్డులూ తెప్పించమన్నారు. ఎనిమిది వచ్చాయి. మిగతా ఇద్దరూ లోడుతో రోడ్డు మీదున్నారు.