టక్‌మంటుంది, ఇంజను తిరగదు

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు బండ్లు తెల్లవారకముందే బయలుదేరతాయి. మేడ్చల్ వైపు నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద, శామీర్‌పేట వైపు నుంచి రాజీవ్ రహదారి మీద. వాటిలో కొత్త బండ్లతో పాటు ఏపీ 28 నంబరు ప్లేటుతో ఇంకా తిరుగుతున్న పాత టాటా 207లు, బొలేరో పికప్‌లు కూడా కనిపిస్తాయి. ఆ నంబరు మేడ్చల్ ఇంకా రంగారెడ్డి జిల్లాలో ఉన్నప్పటిది. బండి 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడకముందే రోడ్డెక్కిందని, పదేళ్లు ఎప్పుడో దాటిందని ప్లేటు చూస్తేనే తెలిసిపోతుంది. ఇలాంటి బండికి డిసెంబరు చలిలో తాళం తిప్పితే ఒక్కోసారి ‘టక్’మని చప్పుడొచ్చి అంతటితో ఆగిపోతుంది. వెనక టమాటా ట్రేలు ఎక్కించి ఉన్నాయి. డ్రైవరు వెంటనే తీర్పు చెప్పేస్తాడు: “సెల్ఫ్ పోయింది.”

పోయి ఉండవచ్చు. కానీ సెల్ఫ్ మోటారు తిరగకపోవడం వేరు, చెడిపోవడం వేరు. బ్యాటరీ నుంచి మోటారు దాకా, అక్కడి నుంచి మళ్లీ బ్యాటరీ దాకా ఉన్న దారిలో ఎక్కడ అడ్డం పడినా బయటికి వినిపించేది అదే ‘టక్’. ఆ అడ్డం ఎక్కడుందో చూడకుండా మోటారు మార్చేస్తే కొత్త మోటారు కూడా పాతదానిలాగే టక్‌మంటుంది.

ఈ మోటారు పుట్టుకలోనే దాని స్వభావం ఉంది. అమెరికాలోని డేటన్‌లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు మొదట నేషనల్ క్యాష్ రిజిస్టర్ కంపెనీలో పనిచేశాడు. దుకాణాల్లో డబ్బు పెట్టే యంత్రానికి కరెంటు మోటారు బిగించింది ఆయనే. డ్రాయరు తెరుచుకోవడానికి ఒక్క క్షణం పని చాలు కాబట్టి, చిన్న మోటారును దాని తాహతుకు మించి తోలినా ఏమీ కాదని ఆయన గ్రహించాడు. అదే ఆలోచన 1912 మోడల్ కాడిలాక్ కార్లో సెల్ఫ్ స్టార్టర్ అయింది. అంతకుముందు ఇంజనును హ్యాండిల్ కొట్టి లేపేవారు. హ్యాండిల్ వెనక్కి తన్నితే మణికట్టు దగ్గర ఎముక విరిగేది. ఆ విరుపును వైద్యులు నేటికీ ‘షోఫర్స్ ఫ్రాక్చర్’ అనే పిలుస్తారు. కెటరింగ్ తర్వాత నూరేళ్లు దాటినా సెల్ఫ్ మోటారు క్షణాల పనికే తయారవుతోంది. పది సెకన్లకు మించి ఆపకుండా తిప్పకూడదని, తిప్పాక నిమిషమైనా ఆగాలని మెకానిక్‌లు పోరుపెట్టేది అందుకే.

పికప్ డీజిల్ ఇంజను గాలిని సుమారు పద్దెనిమిదో వంతుకు నొక్కి, ఆ వేడితోనే డీజిల్‌ను మండించుకుంటుంది. అంత ఒత్తిడికి ఎదురుగా ఇంజనును నిమిషానికి దాదాపు 200 చుట్లు తిప్పాలంటే మోటారు 250 ఆంపియర్ల వరకూ లాగవచ్చు. మొదటి క్షణంలో, మోటారు ఇంకా కదలనప్పుడు, అంతకన్నా ఎక్కువే లాగుతుంది. ఇంత కరెంటును తాళం దగ్గరి సన్నటి తీగలు మోయలేవు. కాబట్టి మోటారు నెత్తిన సోలినాయిడ్ అనే చిన్న డబ్బా ఉంటుంది. తాళం తిప్పగానే అందులోని ఇనుప కడ్డీ లోపలికి లాగబడి రెండు పనులు చేస్తుంది. చిన్న పళ్లచక్రాన్ని ముందుకు తోసి ఫ్లైవీల్ చుట్టూ ఉన్న రింగ్ గేర్‌కు తగిలిస్తుంది. రెండు లావుపాటి రాగి ముక్కలను కలిపి అసలు కరెంటును మోటారులోకి వదులుతుంది. ‘టక్’ ఆ కడ్డీ చప్పుడే.

చప్పుడు రకాన్ని బట్టి సగం రోగం తెలుస్తుంది. ‘టకటకటకా’ అని వరసగా కొట్టుకుంటుంటే బ్యాటరీ నీరసించిందన్న అనుమానం ముందు రావాలి. సోలినాయిడ్‌లో లాగే చుట్ట ఒకటి, పట్టి ఉంచే చుట్ట ఒకటి ఉంటాయి. రాగి ముక్కలు కలవగానే లాగే చుట్ట పని ఆగిపోతుంది, మిగిలిన చుట్టే కడ్డీని పట్టి ఉంచాలి. సరిగ్గా ఆ క్షణంలోనే మోటారు కరెంటు లాగి బ్యాటరీ వోల్టేజీని కుంగదీస్తుంది. పట్టు సడలి కడ్డీ వెనక్కొస్తుంది. మోటారు ఆగగానే వోల్టేజీ లేస్తుంది, కడ్డీ మళ్లీ లోపలికి పోతుంది. అందుకే ఆ టకటక. ఒక్కటే గట్టిగా ‘టక్’మని ఊరుకుంటే రాగి ముక్కలు కాలిపోయి ఉండవచ్చు, కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు, ఇంజనే బిగిసి ఉండవచ్చు. అసలు చప్పుడే లేకపోతే తాళం స్విచ్చి, రిలే, ఫ్యూజు, సోలినాయిడ్‌కు వచ్చే సన్న తీగ చూడాలి. మోటారు ‘రయ్’మని తిరుగుతూ ఇంజను కదలకపోతే పళ్లచక్రం వెనకున్న ఒంటివైపు క్లచ్ జారుతోందన్నమాట.

పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. హెడ్‌లైట్లు వేసి, ఒకరిని ముందు నిలబెట్టి సెల్ఫ్ కొట్టాలి. లైట్లు పూర్తిగా మసకబారితే బ్యాటరీ చాలడం లేదు, లేదా టెర్మినళ్ల దగ్గరే పట్టు లేదు, లేదా మోటారు బిగిసిపోయి కరెంటంతా మింగేస్తోంది. ఏమాత్రం తగ్గకుండా వెలుగుతుంటే కరెంటు మోటారులోకి పోవడమే లేదు.

తర్వాత మల్టీమీటరు. రాత్రంతా నిలిపి ఉంచిన బండిలో నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 అంటే దాదాపు సగం ఖాళీ, 12కు దిగితే పావువంతే మిగిలింది. ఈ అంకె ఒక్కటే చూసి బ్యాటరీ బాగుందనుకునేవాళ్లు చాలామంది. బోరు మోటార్లున్న ఊళ్లో ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు. లైను ఖాళీగా ఉన్నప్పుడు మీటరులో వోల్టేజీ నిండుగానే ఉంటుంది, అందరూ మోటార్లు వేశాకే అసలు బలం బయటపడుతుంది. బ్యాటరీని కూడా బరువు మీదే తూచాలి. సెల్ఫ్ కొడుతుండగా 9.6 వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీ చార్జింగుకైనా పోవాలి, మూలకైనా పోవాలి.

బ్యాటరీ నిలబడింది, మోటారు మాత్రం మూలుగుతోంది. పాత బండ్లలో అసలు కథ ఇక్కడే ఉంటుంది. టెర్మినల్ కింద చిలుం పట్టి 0.01 ఓము అడ్డం వచ్చిందనుకుందాం. మామూలు మీటరు ఓముల్లో దీన్ని పట్టుకోలేదు. కానీ 250 ఆంపియర్లు పారుతున్నప్పుడు ఆ ఒక్క చోటే 2.5 వోల్టులు పోతాయి, 625 వాట్లు వేడిగా మారిపోతాయి. సెల్ఫ్ కొట్టాక టెర్మినల్ మీద చేయి పెడితే చురుక్కుమంటే కారణం ఇదే. అందుకని వోల్టేజీ ఎక్కడ తగ్గుతోందో ఇంజను తిప్పుతూనే కొలవాలి. మీటరు ఒక కొన బ్యాటరీ పాజిటివ్ మీద, రెండోది మోటారు లావు బోల్టు మీద పెడితే అర వోల్టుకు మించి చూపకూడదు. నెగటివ్ నుంచి ఇంజను ఒంటి మీదికి కొలిస్తే 0.2, మహా అయితే 0.3.

రెండో కొలత చాలామంది వదిలేస్తారు, దొంగ అక్కడే దాక్కుంటాడు. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. ఇంజనును ఛాసిస్‌తో కలిపే అల్లిక తీగే ఎర్త్. దుమ్ముకు, వాన నీటికి అది లోలోపల తెగుతూ వస్తుంది. పూర్తిగా తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, ఒక్కోసారి యాక్సిలరేటర్ కేబుల్‌నే దారి చేసుకుని దాన్ని కాల్చేస్తుంది. ఉప్పు కాగితంతో రుద్ది బోల్టు బిగిస్తే పోయే రోగానికి మోటారు విప్పడం అన్యాయం.

చలి పొద్దున చిక్కు వస్తే ఆ నేరమంతా చలిది కాదు. ఏప్రిల్, మే ఎండలకు బ్యాటరీలో నీరు ఆవిరై, ప్లేట్లు తినుకుపోయి ఉంటాయి. డిసెంబరులో ఆయిలు చిక్కబడి ఇంజను బరువెక్కాక ఆ నష్టం బయటపడుతుంది. వేసవిలో దీనికి సరిగ్గా తిరగేసినట్టు జరుగుతుంది: పొద్దున చక్కగా లేచిన బండి లోడు దించి మధ్యాహ్నం మళ్లీ కొడితే లేవదు. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. వేడి ఇంజను పక్కనున్న మోటారు 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే దాదాపు పావువంతు అడ్డం పెరిగినట్టే. అరిగిన బ్రష్‌లకు ఆ దెబ్బ చాలు. అప్పుడు స్పానర్‌తో మోటారు మీద తడితే బండి లేవడం మంత్రమేమీ కాదు. అంటుకోని బ్రష్ కాస్త జరిగి, మోటారు లోపల తిరిగే భాగమైన ఆర్మేచర్‌ను తాకుతుంది, అంతే. ఒకసారి తట్టి లేపాక ఆ వారంలోనే బ్రష్‌లు మార్పించుకోవాలి.

స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి సోలినాయిడ్‌ను షార్ట్ చేసే అలవాటు మాత్రం మానాలి. గేరులో ఉన్న బండి ముందున్న మనిషి మీదికే దూకుతుంది. బ్యాటరీ దగ్గరైతే ఒక్క నిప్పురవ్వకు హైడ్రోజన్ పేలుతుంది. విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు, బిగించేటప్పుడు చివర. తాళం వదిలినా మోటారు ఆగకుండా తిరుగుతుంటే రాగి ముక్కలు అతుక్కుపోయాయని అర్థం, ఆ తీగనే వెంటనే పీకేయాలి.

చివరికి మోటారు నిజంగానే విప్పాల్సి వస్తే, ఆ సందులోంచి రింగ్ గేర్‌ను కూడా ఒక చుట్టు తిప్పించి చూడమని మెకానిక్‌ను అడగండి. నాలుగు సిలిండర్ల ఇంజను ఆపిన ప్రతిసారీ దాదాపు రెండే చోట్ల నిలుస్తుంది కాబట్టి పళ్లు అరిగేది ఆ ఎదురెదురు చోట్లే. అక్కడ అరుగుదల ముదిరి ఉంటే కొత్త మోటారు కూడా కరకరమంటుంది. రింగ్ గేర్ మార్చాలంటే గేర్‌బాక్సు దించక తప్పదు.