రింగుకు కాపలా కాసినవారు

బాస్కెట్‌బాల్‌లో ప్రత్యర్థి వేసిన షాట్‌ను గాలిలోనే చేత్తో అడ్డుకోవడాన్ని బ్లాక్ అంటారు. ఆ పనిలో ఆరితేరిన ఆటగాడు నేలకు 10 అడుగుల ఎత్తున ఉండే రింగు దరిదాపులకు ప్రత్యర్థులను రానివ్వకపోవడమే రింగు కాపలా. ఉండి ఊరి నుంచి కొల్లేటి లంకల దాకా బాస్కెట్‌బాల్ కోర్టు కంటే వాలీబాల్ నెట్టే ఎక్కువ పరిచయం కాబట్టి, బ్లాక్ అనగానే ఇక్కడివారికి నెట్ మీదికి లేచిన చేతులే గుర్తుకొస్తాయి. ఈ రెండు ఆటలూ ఒకే ఇంటి బిడ్డలు: అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వై.ఎం.సి.ఏ. సంస్థ నీడన, 1891లో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను, 1895లో విలియం మోర్గాన్ వాలీబాల్‌ను రూపొందించారు. అడ్డుకునే చేతి విషయంలో మాత్రం వాటి నిబంధనలు చెరో దారి పట్టాయి. వాలీబాల్ 1964లో బ్లాకర్ చేతులు నెట్ అవతలికి చాచడానికి అనుమతించింది, 1976లో బ్లాక్‌లో బంతి తగలడాన్ని జట్టుకున్న మూడు స్పర్శల లెక్కలోంచి తీసేసింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు సభ్యుడు, తెలుగువాడైన పి.వి.రమణ తరం ఆడింది ఆ స్వేచ్ఛ దొరికిన ఆటే. బాస్కెట్‌బాల్ చరిత్ర అందుకు విరుద్ధంగా, పొడగరికి పగ్గాలు వేస్తూ సాగింది.

అమెరికా కళాశాలల ఆటలో పెద్ద పగ్గం ఒకటి 1944లో పడింది. ఓక్లహోమా ఏ అండ్ ఎం కళాశాలకు చెందిన 7 అడుగుల బాబ్ కర్లాండ్, డీపాల్ విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ మైకన్ రింగు దగ్గర నిలబడి, లోపలికి దిగబోయే బంతిని పైనుంచే తోసేసేవారు. రింగు వైపు కిందికి దిగుతున్న షాట్‌ను ముట్టుకోరాదని, ముట్టుకుంటే బుట్టలో పడినట్టే లెక్కించాలని చేసిన ఆ నిబంధనకే గోల్‌టెండింగ్ అని పేరు. దాంతో కర్లాండ్ ఆట ముగిసిపోలేదు. 1945, 1946లలో వరుసగా ఆయన జట్టే జాతీయ విజేత. బంతి పైకి వెళ్తున్న క్షణంలోనే అందుకోవాల్సి రావడంతో, బ్లాక్ ఎత్తు మీద కంటే అదను మీద ఆధారపడే విద్య అయింది.

ఆ విద్యను శిఖరానికి చేర్చినవాడు శాన్‌ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయపు బిల్ రస్సెల్. డిఫెండర్ పాదం నేల విడవకూడదని కోచ్‌లు నూరిపోస్తున్న రోజుల్లో ఆయన ఎగిరి ఆడాడు. బంతిని బలంగా కొట్టి కోర్టు బయటికి పంపితే చప్పట్లు దక్కినా, బంతి తిరిగి ప్రత్యర్థికే దక్కుతుంది. రస్సెల్ అలా కాకుండా వేళ్లతో మెల్లగా తట్టి తనవారికి అందేలా చేసేవాడు, ఆ బంతితోనే సహచరులు ఎదురు బుట్ట వైపు పరుగు తీసేవారు. అడ్డుకోవడాన్నే దాడికి తొలి మెట్టుగా మార్చిన ఈ ఆలోచన ఈ ఆటకు దక్కిన అతి పెద్ద కానుకల్లో ఒకటి. 1955, 1956లలో శాన్‌ఫ్రాన్సిస్కో విజేతగా నిలిచిన ఆ రోజుల్లోనే, రింగు ముందు దాడి చేసేవారు మూడు సెకన్లకు మించి నిలవకూడని ప్రాంతపు వెడల్పును 6 అడుగుల నుంచి 12 అడుగులకు పెంచారు. రక్షకుడికి మాత్రం కళాశాల ఆటలో అలాంటి గడువు లేదు. రింగు కాపలాదారులకు ఆ స్థాయి ఇంత అనుకూలం కావడానికి ఇదొక కారణం.

విచారకరమైన విషయం ఏమిటంటే, కళాశాలల క్రీడా సంఘం బ్లాక్‌లను అధికారికంగా లెక్కించడం 1985–86 సీజన్‌లో గాని మొదలుకాలేదు కాబట్టి, రస్సెల్ ఎన్ని షాట్లు ఆపాడో చెప్పే అధికారిక అంకె లేదు. ఆ తొలి సీజన్‌లోనే నేవీ అకాడమీ ఆటగాడు డేవిడ్ రాబిన్సన్ 207 బ్లాక్‌లు చేశాడు, అందులో 14 ఒకే మ్యాచ్‌లోవి. మహిళల ఆటలో బేలర్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రిట్నీ గ్రైనర్ 2013 నాటికి మొత్తం 748 బ్లాక్‌లతో రికార్డు నెలకొల్పింది.

అయితే బ్లాక్ విలువ అంకెల్లో సగమే కనిపిస్తుంది. 1982 కళాశాలల జాతీయ ఫైనల్లో జార్జ్‌టౌన్ ఆటగాడు ప్యాట్రిక్ యూయింగ్ రింగు దగ్గరికి వచ్చిన ప్రతి బంతి మీదికీ ఎగరడంతో నార్త్ కరోలినాకు తొలి 8 పాయింట్లూ గోల్‌టెండింగ్ తీర్పుల వల్లే వచ్చాయి. ప్రత్యర్థి గుండెల్లో బెరుకు నాటడానికి ఆ జట్టు పాయింట్లు వదులుకోవడానికీ వెనుకాడలేదు, చివరికి 62–63తో ఓడింది. 2012 ఫైనల్లో కెంటకీ ఆటగాడు ఆంథొనీ డేవిస్ పది షాట్లు వేసి ఒక్కటే బుట్టలో వేయగలిగాడు, ఫ్రీ త్రోలు కలిపినా అతని పాయింట్లు 6 మాత్రమే. కాన్సాస్ ఆటగాళ్ల షాట్లు ఆరింటిని అడ్డుకుని, 16 రీబౌండ్లు, అంటే గురి తప్పి వెనక్కి వచ్చిన బంతులు, అందుకున్న అతణ్నే ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్ల దశ, ఉత్తమ ఆటగాడిగా ఎంపిక చేశారు.