చమురుతో పరుచుకున్న ఊరు

133 బావులు తవ్వారర్రా, ఒక్కదాంట్లోనూ పనికొచ్చే చమురు పడలేదు. కెనడాలో ఇంపీరియల్ ఆయిల్ కంపెనీ సంగతి ఇది. అక్కడ డ్రిల్లింగు చూసుకునే వెర్న్ హంటర్‌కు ‘ఎండుబావుల హంటర్’ అన్న పేరు కూడా పడిపోయింది. చివరికి 1947 ఫిబ్రవరి 13న, అల్బెర్టా రాష్ట్రంలో లెడ్యూక్ అనే చిన్న ఊరి దగ్గర, ఒకటిన్నర కిలోమీటరు లోతున చమురు తగిలింది. ఆ చుట్టుపక్కల చమురును పట్టి ఉంచిన రాయి ఒకప్పుడు సముద్రంలో ఉండేది. దాదాపు 38 కోట్ల ఏళ్ళ కిందట అక్కడ లోతులేని వెచ్చటి సముద్రం ఉండేది. అందులో స్పాంజి జాతి జీవులూ పగడాలూ కట్టుకున్న దిబ్బలే కాలక్రమంలో రాళ్ళయ్యాయి. ఆ రాళ్ళ సందుల్లోకి చమురు చేరింది.

లెడ్యూక్‌కు ఉత్తరాన కాస్త దూరంలో ఎడ్మంటన్ అని ఆ రాష్ట్ర రాజధాని. చమురు పడేనాటికి ఆ ఊరి జనాభా లక్ష దాటి కొద్దిగా ఉండేది. 2021 జనాభా లెక్కల్లో 10,10,899 మంది తేలారు. ఊరి విస్తీర్ణం 765 చదరపు కిలోమీటర్లు. ఇది ఎంతో మీకు తెలియాలంటే మన హైదరాబాదు లెక్క చూడండి. 2011లో జీహెచ్ఎంసీ 650 చదరపు కిలోమీటర్లలో 67 లక్షల మంది ఉన్నారు. హైదరాబాదులా ఇరుక్కుని ఉండమని నేను ఎవరికీ చెప్పను. కానీ పది లక్షల మంది అంత మేర పరుచుకుంటే ఏమవుతుంది, పరుచుకున్న ఊరు మళ్ళీ దగ్గరికి జరగగలదా అన్నది చాలా మంచి ప్రశ్న. ఎడ్మంటన్ ఇప్పుడు ఆ పనిలోనే ఉంది. మన పిల్లలు ఉద్యోగాలకనీ చదువులకనీ అల్బెర్టా వెళ్తున్నారు కాబట్టి ఈ సంగతి మనకు మరీ పరాయిదేం కాదు.

ఊరు అలా పరుచుకోవడానికి చమురొక్కటే కారణం కాదు. చుట్టూ కొండా లేదు, సముద్రమూ లేదు. ఎటు చూసినా చదునైన నేల. చమురు ఉద్యోగాల్లో జీతాలు బాగా వచ్చాయి, పెట్రోలు అందుబాటులో ఉంది. ఇంటికి రెండు కార్లు మామూలైపోయాయి. 1981లో ఊరి పడమటి వైపున వెస్ట్ ఎడ్మంటన్ మాల్ తెరిచారు, అది పెరిగేకొద్దీ దాని చుట్టూ 20,000 కార్లు పట్టే జాగా వదిలారు. చలికాలంలో ఆ ఊళ్ళో కార్ల ముందు భాగం నుంచి చిన్న కరెంటు తీగ, దాని కొసన ఒక ప్లగ్గు వేలాడుతూ ఉంటాయి. మైనస్ 30 డిగ్రీల చలిలో ఇంజనాయిలు చిక్కబడిపోతుంది, బండి స్టార్టు కాదు. అందుకని రాత్రంతా ఇంజన్ని కరెంటుతో వెచ్చగా ఉంచుతారు. అంత చలిలో బస్సు కోసం నిలబడాలంటే ఎవరికైనా కష్టమే. ఇళ్ళు దూరదూరంగా ఉంటే బస్సు గంటకొకటి కూడా గిట్టుబాటు కాదు, బస్సు సరిగా లేకపోతే మళ్ళీ కారే దిక్కు.

వీటన్నిటి కంటే గట్టి కారణం ఇంకొకటుంది. ఊరిని అలా పరచమని మున్సిపాలిటీ నిబంధనలే చెప్పాయి. పాత పేటల్లో చాలాచోట్ల ఒక స్థలంలో ప్రధానంగా ఒక్క కుటుంబపు ఇల్లే కట్టాల్సి ఉండేది. ఇంటికి ఇన్ని, హోటలుకు ఇన్ని, ఆఫీసుకు ఇన్ని అని కార్ల జాగాలు వదిలి తీరాల్సి ఉండేది. ఒక కారుకు గీతలు గీసిన చోటు సుమారు 14 చదరపు మీటర్లు. బండి తిప్పుకోవడానికి వదిలే దారి కూడా కలిపితే అది 30 దాకా వెళ్తుంది, అంటే మన లెక్కలో 36 గజాలు. ఒక కుటుంబానికి రెండు గదులు పడే చోటది. జనం ఇష్టపడి పరుచుకున్నారని చాలామంది అంటారు గానీ, వేరే రకంగా కట్టనివ్వని చోట ఇష్టమేమిటో మనకెలా తెలుస్తుంది?

ఇప్పుడు కాగితం పెన్సిలు తీసుకోండి, లెక్క చేద్దాం. ఎడ్మంటన్ పాత పేటల్లో ఇంటి స్థలం రోడ్డు వైపు 50 అడుగులుండటం మామూలు, అంటే 15 మీటర్లు. రోడ్డుకు రెండు పక్కలా ఇళ్ళుంటాయి కాబట్టి ఒక్కో ఇంటి వాటాకు ఏడున్నర మీటర్ల రోడ్డు వస్తుంది. అంతే పొడుగు మంచినీటి గొట్టం, అంతే పొడుగు మురుగు గొట్టం, అంతే మేర మంచు తొలగింపు. గొట్టాలేమో పైపైన వేస్తే కుదరదు. చలికాలంలో నేల పైనుంచి గడ్డకట్టుకుంటూ వస్తుంది కాబట్టి మనిషిన్నర లోతున పాతిపెట్టాలి. అదే స్థలంలో ఎనిమిది కుటుంబాలుంటే ఒక్కో ఇంటి వాటాకు ఒక మీటరు రోడ్డు కూడా రాదు. కొత్త కాలనీలో మొదట రోడ్లూ గొట్టాలూ వేసేది బిల్డరే, నిజమే. ఆ తర్వాత వాటిని మున్సిపాలిటీకి అప్పగిస్తాడు. అక్కణ్ణుంచి పగిలిన గొట్టం మార్చడం, గుంటలు పూడ్చడం, మంచు ఎత్తడం అన్నీ ఊరి పన్నులోంచే జరగాలి. కాలనీ కొత్తగా ఉన్నన్నాళ్ళూ ఖర్చు కనబడదు. నలభై యాభై ఏళ్ళకు అన్నీ ఒకేసారి మరమ్మత్తుకొస్తాయి.

ఇక వేడి సంగతి. పదేసి మీటర్ల పొడుగూ వెడల్పూ, ఆరు మీటర్ల ఎత్తూ ఉన్న ఇల్లనుకోండి. నాలుగు గోడలూ కలిపి 240 చదరపు మీటర్లు, పైకప్పు 100. లోపల 20 డిగ్రీలు, బయట మైనస్ 30 ఉంటే ఆ 340 చదరపు మీటర్లలోంచీ వేడి బయటికి పారిపోతూ ఉంటుంది. అదే ఇల్లు ఒక వరసలో మధ్యన ఉందనుకోండి, రెండు పక్కలా ఉమ్మడి గోడలే. ఉమ్మడి గోడకు అవతలా 20 డిగ్రీలే కాబట్టి అటు వేడి పోదు. బయటికి చూసే గోడలు 120కి దిగాయి, కప్పుతో కలిపి 220. ఏ యంత్రమూ పెట్టకుండానే మూడో వంతుకు పైగా ఆదా.

ఇందులో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది నేల. ఎడ్మంటన్ చుట్టూ ఉన్నది చెర్నోజెం అనే నల్లమట్టి, కెనడా మొత్తంలోనే మేలైన సాగునేలల్లో ఒకటి. మన నల్లరేగడికి బంకమన్ను ముఖ్యం. ఎడ్మంటన్ మట్టి నలుపు మాత్రం వేరు దారిలో వచ్చింది. మంచుయుగం వెనక్కి తగ్గాక వేల ఏళ్ళపాటు గడ్డి మొలిచి, చచ్చి, వేళ్ళు నేలలోనే కుళ్ళగా కుళ్ళగా పోగైన జీవపదార్థం అది. జేసీబీతో ఒక్క పూటలో గోకేసి పైన తారు పోస్తే మళ్ళీ ఆ మట్టి తయారవడానికి ఎన్ని తరాలు పడుతుందో చెప్పలేం. వ్యవసాయం తెలిసిన వాళ్ళెవరికైనా ఇది కడుపు తరుక్కుపోయే సంగతి.

2020లో ఆ ఊరివాళ్ళు రెండు పనులు చేశారు. ఇన్ని కార్లకు జాగా వదలాల్సిందే అన్న నిబంధనను జూలైలో ఊరంతటా ఎత్తేశారు. కెనడా పెద్ద నగరాల్లో అలా చేసిన మొదటిది ఎడ్మంటనే.

“మరి కార్లు ఎక్కడ పెట్టుకుంటారు తాతయ్యా?” అని అడుగుతారు మీరు. కార్లకు జాగా వదలొద్దని ఎవరూ అనలేదర్రా. ఎంత కావాలో కట్టేవాళ్ళే చూసుకోండి, లెక్క మేం చెప్పం అన్నారు, అంతే. దివ్యాంగుల జాగాల నిబంధనను మాత్రం అలాగే ఉంచారు, అది చాలా మంచి పని.

రెండోది, ఆ డిసెంబరులో కొత్త నగర ప్రణాళికను ఆమోదించారు. జనాభా 20 లక్షలయ్యేదాకా ఊరు ఇప్పుడున్న పొలిమేర దాటకూడదు, కొత్త ఇళ్ళలో సగం ఇప్పటికే కట్టుబడి ఉన్న పేటల్లోనే రావాలి, రోజువారీ అవసరాలు ఇంటికి పావుగంట దూరంలో దొరకాలి అని అందులో రాసుకున్నారు. రాసుకున్నది నిజమవ్వాలంటే ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే జోనింగ్ నిబంధనలు మారాలి కదా. అవి 2024 జనవరి 1న మారాయి. పాత పేటల్లో మూడంతస్తుల దాకా, ఒక్కో ఇంటికి 75 చదరపు మీటర్ల స్థలం లెక్కన, స్థలానికి ఎనిమిది ఇళ్ళ దాకా కట్టుకోవచ్చన్నారు. అంటే 600 చదరపు మీటర్ల స్థలంలో, మన లెక్కలో ఏడొందల గజాల పైచిలుకులో, ఎనిమిది కుటుంబాలు.

అసలు ముచ్చట బ్లాచ్‌ఫోర్డ్ అనే చోట ఉంది. అక్కడ ఒకప్పుడు ఊరి విమానాశ్రయం ఉండేది. 1920లలో మేయరుగా చేసిన బ్లాచ్‌ఫోర్డ్ పేరే దానికి పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నుంచి అలాస్కా వైపు వెళ్ళే యుద్ధవిమానాలు అక్కడ దిగి వెళ్ళేవి. 2013 నవంబరులో దాన్ని మూసేశారు. ఊరి నడిబొడ్డుకు దగ్గర్లో 536 ఎకరాలు ఖాళీ అయ్యాయి. అక్కడ 30,000 మంది ఉండేలా ఒక పేట కట్టాలని సంకల్పం. ఆ ఇళ్ళను వెచ్చబెట్టడానికి ఏం చేశారో చూడండి. వాన నీళ్ళు చేరే చెరువు ఒకటి తవ్వి, దాని కింద 150 మీటర్ల లోతున 570 బోర్లు వేశారు. ఆ లోతులన్నీ కలిపితే 85 కిలోమీటర్లు దాటుతుంది! ఒక్కో బోరులోకీ ఒక గొట్టం దిగి, అడుగున మలుపు తిరిగి, మళ్ళీ పైకొస్తుంది.

అంత లోతు నేలలో చలికాలమూ లేదు, ఎండాకాలమూ లేదు. ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకటే ఉష్ణోగ్రత, గడ్డకట్టే స్థితి కంటే కొన్ని డిగ్రీలు పైన. “అది చల్లగానే ఉంది కదా, దాన్నుంచి వెచ్చదనం ఎలా వస్తుంది?” అని మీకు సందేహం రావాలి. మన ఇంట్లో ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. లోపలున్న చల్లటి పాలలోంచి కూడా వేడిని లాగి బయట పారేస్తోంది కదా అది. హీట్ పంపు పనీ అదే. గొట్టంలో తిరిగే ద్రవం నేలలోంచి కాస్త వేడి మోసుకొస్తుంది. హీట్ పంపు దాన్ని పోగుచేసి, పెంచి, ఇంట్లోకి పంపుతుంది. కరెంటు ఖర్చయ్యేది ఆ మోతకే, వేడిని కొత్తగా పుట్టించడానికి కాదు. అందుకే ఒక యూనిట్ కరెంటుకు రెండు మూడు యూనిట్ల వేడి దొరుకుతుంది. వేసవిలో ఇదంతా వెనక్కి తిరుగుతుంది. ఇళ్ళలో ఎక్కువైన వేడిని మళ్ళీ నేలలోకే దించుతారు, చలికాలానికి అది పనికొస్తుంది. ముందుముందు మురుగునీటిలోని వెచ్చదనాన్ని కూడా వాడుకోవాలని వాళ్ళ ఆలోచన. ఆ హీట్ పంపుల కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోందన్నది కూడా ముఖ్యమే. అల్బెర్టాలో బొగ్గుతో కరెంటు తీయడం 2024లో ఆగిపోయింది, అయినా ఇంకా ఎక్కువ భాగం సహజవాయువుతోనే వస్తోంది.

ఒకటి గమనించారా? నేలలో బోరు దించడం ఆ ప్రాంతపు మనుషులకు కొట్టిన పిండి. లెడ్యూక్‌లో చమురు కోసం దిగిన లోతులో పదో వంతు దిగితే ఇక్కడ వేడి దొరుకుతోంది. చమురు ఉద్యోగాలు పోతే ఏం చెయ్యాలని బెంగపడే కుటుంబాలకు ఇది చిన్న సంగతేం కాదు. ఇంకో మాట. ఇళ్ళు దగ్గరదగ్గరగా ఉంటేనే ఇలాంటి ఉమ్మడి ఏర్పాటు గిట్టుబాటవుతుంది. ఇంటికీ ఇంటికీ నడుమ గొట్టం ఎంత పొడుగైతే ఖర్చు అంత పెరుగుతుంది. అందుకే కాబోలు, ఇళ్ళు దగ్గరగా కట్టడమూ నేలలోని వేడి వాడుకోవడమూ ఒకేచోట మొదలయ్యాయి. ఆ పేట అనుకున్నంత వేగంగా నిండలేదు, మొదటి కుటుంబాలు 2020లో దిగాయి, ఇంకా చాలా నేల ఖాళీగానే ఉంది. ఆలస్యం చూసి ఆలోచననే తప్పుపట్టేవాళ్ళతో నేను ఏకీభవించను.

రైలు విషయంలో మాత్రం వాళ్ళు ముందే మేలుకున్నారు. 1978లోనే, ఊళ్ళో అయిదు లక్షల మంది కూడా లేని రోజుల్లో, లైట్ రైలు వేశారు. పది లక్షల లోపు జనాభా ఉన్న ఉత్తర అమెరికా నగరాల్లో అదే మొదటిది. 2023 నవంబరులో నడిబొడ్డు నుంచి ఆగ్నేయాన మిల్‌వుడ్స్ దాకా 13 కిలోమీటర్ల కొత్త మార్గం తెరిచారు. దాదాపు మూడేళ్ళు ఆలస్యమైంది, మధ్యలో వంతెన స్తంభాలకు పగుళ్ళు కూడా వచ్చాయి. భారతీయ దుకాణాలకు పేరుపడ్డ పేట మిల్‌వుడ్స్. కందిపప్పుకూ చింతపండుకూ అటు వెళ్ళే తెలుగువాళ్ళు ఇక కారు తీయకుండా వెళ్ళిరావచ్చు.

పాత పేటల్లో ఉండేవాళ్ళకు ఇదంతా నచ్చుతోందా అంటే, చాలామందికి నచ్చడం లేదు. పక్కింటి స్థలంలో ఉన్నట్టుండి మూడంతస్తులు లేస్తే పెరట్లో ఎండ పోతుంది, పాత చెట్లు పోతాయి, వీధంతా కార్లతో నిండుతుంది. ఎనిమిది ఇళ్ళను తగ్గించాలని 2025లో కౌన్సిల్లోనే వాదన నడిచింది. వాళ్ళ మాటలో న్యాయం లేదని నేననను. చలిదేశంలో పెరట్లో పడే ఎండ ఎంత విలువైనదో ఊహించగలను. చెట్ల విషయంలో, గోడకూ గోడకూ మధ్య వదిలే దూరం విషయంలో వాళ్ళను వినాల్సిందే. కట్టే ఎనిమిదీ ఒంటి గది ఇళ్ళయితే పిల్లలున్న కుటుంబాలు మళ్ళీ ఊరి చివరికే పోతాయి, అది కూడా చూసుకోవాలి. అయితే నా పక్కన ఎవరూ రాకూడదు అన్న మాట అందరూ అంటే కొత్తగా వచ్చేవాళ్ళు నల్లమట్టి మీదకే వెళ్తారు. వేరే చోటు లేదు.

2019 జనవరి 1న ఎడ్మంటన్ దక్షిణాన పొరుగు కౌంటీ నుంచి ఇరవై వేల ఎకరాలకు పైగా తనలో కలుపుకుంది. ప్రణాళిక రాయకముందు జరిగిన పని అది. అందులో సాగునేల చాలానే ఉంది. దాంట్లో కాలనీలు ఎప్పుడు మొదలుపెట్టనివ్వాలి, ముందు మొదలుపెట్టిన పేటలు నిండేదాకా ఆపగలరా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంది. ఎడ్మంటన్ వార్త ఏదైనా మీ కంటబడితే ముందు ఆ భూముల సంగతి ఏమైందో వెతకండర్రా, తెలిస్తే నాకూ చెప్పండి.