చెయ్యి దూరితేనే... బండి కదిలేది!

దిల్‌సుఖ్‌నగర్‌ నుంచి ఎల్బీనగర్‌ బయల్దేరిన ఓ పాత అంబాసిడర్‌ చైతన్యపురి మెట్రో స్టేషన్‌ కింద ఆగిపోయిందనుకోండి. బయట ముసురు. వెనక హారన్ల మోత. బానెట్‌ ఎత్తితే లోపల బోలెడంత జాగా. అయినా కావాల్సిన ఫ్యూజు ఎక్కడుందో కనిపించదు. కనిపించినా చెయ్యి దూరదు! ఐదు నిమిషాల్లో అయ్యే పనికి గంట పడుతుంది.

పాత కార్లను ప్రాణంగా చూసుకునే వాళ్లు రంగుకీ, సీట్లకీ వేలకు వేలు ఖర్చు పెడతారు. బానెట్‌ కింది వైర్ల జోలికి మాత్రం పోరు. నిజానికి ముందు చూడాల్సింది అక్కడే.

రెండే ఫ్యూజులు!

బ్రిటన్‌ కారు మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ సిరీస్‌-3 ఆధారంగా 1950ల చివర్లో వచ్చింది అంబాసిడర్‌. అప్పట్లో కారులో కరెంటుతో పనెంత? సెల్ఫ్‌, లైట్లు, హారన్‌, వైపర్లు... అంతే. అందుకే ఆ కాలపు లూకాస్‌ వైరింగ్‌లో ప్రధానంగా ఉండేవి రెండే ఫ్యూజులు. హెడ్‌లైట్ల వైరుకు అసలు ఫ్యూజే ఉండేది కాదు.

తర్వాత స్టీరియో, ఫ్యాను, హాలోజన్‌ బల్బులు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. ప్రతిదానికీ ఓ కొత్త వైరు, టేపు చుట్టిన ఓ అతుకు. 60 వాట్ల బల్బులు రెండు వెలిగితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 10 యాంపియర్ల కరెంటు పారుతుంది. అదంతా డాష్‌బోర్డులోని పాత స్విచ్చి మోయాలి. ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలితే... ముందు పొగ, ఆ వెనకే మంట!

అన్నీ ఒక్కచోటికి...

దీనికి విరుగుడు తేలికే. మూతున్న చిన్న ఫ్యూజు పెట్టె, లైట్లకూ హారన్‌కూ రిలేలు... వీటన్నిటినీ ఒకే పలకపై బిగించి, నిలబడే చెయ్యి పెట్టగలిగే చోట అమర్చాలి. రిలే ఉంటే పాత స్విచ్చికి బరువు తగ్గుతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా బల్బుకు వెళ్తుంది.

పలక ఏ పక్కన పెట్టాలన్నది ముఖ్యం. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజిన్‌లో కార్బొరేటర్‌, పొగగొట్టం రెండూ ఒకవైపే ఉంటాయి. డిస్ట్రిబ్యూటర్‌ రెండోవైపు. పెట్రోలుకూ వేడికీ దూరంగా ఉండాలంటే డిస్ట్రిబ్యూటర్‌ వైపే మేలు. వైర్లు పెట్టెలోకి కింది నుంచి ఎక్కాలి. అప్పుడు వాన నీళ్లు వైరు వెంట లోపలికి జారవు.

కన్నాలు వద్దు

పలక కోసం బాడీకి డ్రిల్లు పెట్టొద్దు. ఉన్న బోల్టుల ఆధారంగానే బిగిస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు పాత రూపానికి తేవచ్చు. 50 ఏళ్లు దాటిన వాహనాలకు ‘వింటేజ్‌’ రిజిస్ట్రేషన్‌ కోసం కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది అందులో షరతు. పాత కారుకు పాతదనమే విలువ మరి!

పని మొదలెట్టే ముందు...

* బ్యాటరీ ఎర్త్‌ వైరు మొదట విప్పాలి, చివర్లో బిగించాలి.

* లూకాస్‌ పద్ధతిలో గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది. తెలుపు ఇగ్నిషన్‌ది. ఆకుపచ్చ ఫ్యూజు దాటి వచ్చేది. నలుపు ఎర్త్‌. మాసిపోయి రంగు తెలియకపోతే విప్పేముందే చీటీ కట్టుకోవాలి.

* ఇంజిన్‌ రబ్బరు దిమ్మెలపై కూర్చుంటుంది కాబట్టి ఇంజిన్‌కూ బాడీకీ మధ్య ఎర్త్‌ పట్టీ గట్టిగా ఉండాలి. అది వదులైతే సెల్ఫ్‌ కొట్టినప్పుడు కరెంటు చోక్‌ కేబుల్‌ లాంటి అడ్డదారులు వెతుక్కుంటుంది. కేబుల్‌ కాలిపోవచ్చు కూడా.

* ఏ ఫ్యూజు దేనికో తెలుగులో రాసి మూత లోపల అతికించాలి. రెండు ఫ్యూజులు అదనంగా అక్కడే ఉంచాలి.

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అసలు కిటుకు అదే. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో అంబాసిడర్‌ తయారీ 2014 మేలో ఆగిపోయింది. ఏ వైరు ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పే మేస్త్రీలు ప్రతి మలుపులోనూ దొరకరు. బానెట్‌ ఎత్తగానే అన్నీ కనిపిస్తే, ఆ కారును ఎన్నడూ ముట్టుకోని కుర్ర ఎలక్ట్రీషియన్‌ కూడా టెస్ట్‌ ల్యాంపుతో లోపం పట్టేస్తాడు.

అప్పుడు చైతన్యపురిలో ఆగినా దిగులుండదు. మూత తీయడం, చీటీ చదవడం, ఫ్యూజు మార్చడం... వాన పెద్దదయ్యేలోపు ఎల్బీనగర్‌ చేరిపోవచ్చు!