ఒకే పియానో, నాలుగు చేతులు

పియానో నేర్చుకునే పిల్లలున్న ఇళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు వినిపించే చిన్న బాణీ ఒకటుంది. పుస్తకంలో దాని పేరు 'వాల్ట్జ్, ఓపస్ 39, నంబరు 15' అని మాత్రమే ఉంటుంది. కూర్చినవారు యోహానెస్ బ్రామ్స్. (పిల్లల బొమ్మల్లో మోగే జోలపాట కూడా ఆయనదే గాని, అది వేరు.) అమ్మాయి ఒక్కతే కూర్చుని వాయిస్తుంది కనుక ఒక్కరి కోసం కూర్చిందే అనుకుంటాం. నిజానికి ఇది ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే పియానో మీద వాయించడానికి పుట్టింది.

బ్రామ్స్‌ది జర్మనీలోని హాంబర్గు. 1862లో వియన్నా చేరాడు. గంభీరమైన మనిషని పేరు. అలాంటివాడు 1865లో ఏకంగా పదహారు వాల్ట్జ్‌లు రాస్తే ఊరు ఆశ్చర్యపోయింది. వాల్ట్జ్ అంటే మూడు లెక్కల నాట్యం. మొదటి దెబ్బ మీద బరువు, తక్కిన రెండూ తేలిక. తిశ్రనడక తెలిసినవారికి ఆ లెక్క కొత్తేమీ కాదు. అయితే ఇవి స్ట్రాస్ వాల్ట్జ్‌లలా నాట్యశాలల కోసం కావు. పదహారూ కలిపి వాయించినా సుమారు ఇరవై నిమిషాలే. సంగీత విమర్శకుడు, మిత్రుడు ఎడువార్డ్ హాన్స్‌లిక్‌కు వీటిని అంకితమిచ్చాడు. వియన్నానూ, అక్కడ నాలుగు చేతుల వాద్యం వాయించే అందమైన అమ్మాయిలనూ తలచుకుంటే నీ పేరే తోచిందని ఉత్తరంలో చమత్కరించాడు కూడా!

ఆనాటికి గ్రామఫోను లేదు, రేడియో లేదు. కచేరీలో విన్న సింఫనీ మళ్ళీ వినాలంటే, దాన్ని నాలుగు చేతులకు కుదించిన పుస్తకం కొని ఇంట్లో వాయించుకోవలసిందే. అన్నాచెల్లెళ్ళు, తల్లీకూతుళ్ళు ఒకే బల్ల మీద సర్దుకుని కూర్చునేవారు. పుస్తకంలో ఎడమ పేజీ ఎడమవైపు వారిది, కుడి పేజీ కుడివైపు వారిది. సాధారణంగా కుడివైపు వారికి బాణీ, ఎడమవైపు వారికి మంద్రస్వరాలు, వాటితో పాటు పెడల్. మోచేతులు తగులుతాయి. ఒకరు విడిచిన మెట్టు మీదికే మరొకరి వేలు రావచ్చు.

తర్వాత బ్రామ్సే వీటిని ఒక్కరు వాయించేందుకు మార్చాడు. తేలిక రూపం కూడా ఇచ్చాడు. నంబరు 15 ప్రపంచమంతా తిరిగింది ఆ ఒంటరి రూపంలోనే. బాగానే ఉంటుంది, కాదనను. కాని ఒక్కరే అయితే ఇష్టం వచ్చిన చోట సాగదీయవచ్చు. ఇద్దరున్నప్పుడు అలా కుదరదు. పక్కవారి ఊపిరి వింటూ ఆగాలి, కదలాలి. ఆ మెత్తదనం అక్కడినుంచి వచ్చిందేననిపిస్తుంది నాకు.

మీ అమ్మాయి ఈ బాణీ నేర్చుకుని వస్తే, నాలుగు చేతుల పుస్తకం ఉందేమో మాస్టారిని అడిగి చూడండి. పదహారోది కూడా వాయించమనండి. అది కాస్త దిగులుగా, చప్పుడు లేకుండా ముగుస్తుంది.