ఫోనే తాళంచెవి అయితే, ఆ చెవి ఎవరి చేతిలో?

కృష్ణగిరి జిల్లా అనగానే మనకు హోసూరు, అక్కడి తెలుగు బడులు గుర్తొస్తాయి. అదే జిల్లాలో పోచంపల్లి దగ్గర ఓలా విద్యుత్ స్కూటర్ల కర్మాగారం ఉంది. (ఇది చీరల పోచంపల్లి కాదు, తమిళనాడు పోచంపల్లి.) 2021 ఆగస్టు 15న ఆ కంపెనీ బయటపెట్టిన స్కూటర్‌కు తాళంచెవి దూర్చే రంధ్రమే లేదు. తెర మీద అంకెలైనా నొక్కాలి, ఫోన్‌తోనైనా తెరవాలి. చెన్నై పక్కన శ్రీపెరంబుదూరులో తయారై 2025 జనవరిలో మార్కెట్‌కు వచ్చిన హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్ కారుకు కూడా 'డిజిటల్ కీ' సదుపాయం ఉంది. 2025 జులైలో ముంబైలో దుకాణం తెరిచిన టెస్లా సంగతి సరేసరి. 2017లో మోడల్ 3 కారు అమ్మడం మొదలుపెట్టిన నాటి నుంచీ ఆ కంపెనీ ఫోన్‌నే అసలు తాళంచెవిగా వాడుతోంది. పక్కన ఏటీఎం కార్డులాంటి ఒక కార్డు ఇస్తుంది, అంతే.

కారు మన ఇంట్లో లేకపోవచ్చు. కానీ ఇలాంటి కారును తోలే డ్రైవరు మన వీధిలో ఉండవచ్చు, బిగించే కార్మికుడు మన ఇంట్లోనే ఉండవచ్చు. అందుకే ఈ వారం ఈ తాళంచెవి సంగతి తీసుకున్నాం.

తాళంచెవి అని రాశాం గానీ, ఈ పేజీ చదివే ఇళ్ళన్నిటిలో దాన్ని అలాగే అంటారన్న భరోసా మాకు లేదు. బళ్ళారి వైపు తాళం కంటే బీగం మాటే ఎక్కువ వినిపిస్తుంది. తమిళనాట 'సావి', ఒడిశాలో 'చాబి', మహారాష్ట్రలో 'చావీ'. ఈ మూడూ ఒకే తల్లి పిల్లలు. తాళంచెవిని పోర్చుగీసు భాషలో 'షావె' అంటారు. సముద్రం మీద వచ్చిన ఆ మాట రేవుల నుంచి లోపలి ఊళ్ళకు పాకి, ఒక్కో భాషలో ఒక్కో యాస పట్టింది. ఇంగ్లిషు కంటే ముందే మన తాళాల గుత్తిలో ఒక పరదేశపు మాట చేరిందన్నమాట.

ఇక అసలు విషయం. ఫోన్ కారుతో మాట్లాడే దారులు ముఖ్యంగా మూడు. బ్లూటూత్ కొన్ని మీటర్ల దూరం నుంచే పనిచేస్తుంది. ఫోన్ జేబులో పెట్టుకుని కారు దగ్గరకు నడిస్తే చాలు, తలుపు గడియ దానంతటదే వదులుతుంది. ఎన్‌ఎఫ్‌సీ అలా కాదు, కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది. ఫోన్‌ను తలుపు పిడికో, రెండు తలుపుల మధ్య స్తంభానికో దాదాపు ఆనించాలి. కొన్ని కార్లలో లోపలికి వెళ్ళాక ఛార్జింగ్ పలక మీద ఫోన్ పెడితేనే బండి కదలడానికి ఒప్పుకుంటుంది. మూడోది అల్ట్రా వైడ్ బ్యాండ్. దాని గొప్ప ఏమిటో కాసేపట్లో చూద్దాం.

ఎన్‌ఎఫ్‌సీ కార్డు గురించి పదో తరగతి పిల్లలకు ఒక మాట. ఆ కార్డులో బ్యాటరీ ఉండదు. కార్డు అంచుల వెంట సన్నని తీగచుట్ట ఉంటుంది. కారులోని రీడరు సెకనుకు 1 కోటి 35 లక్షల 60 వేల సార్లు డోలనం చేసే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రంలోకి తీగచుట్ట రాగానే అందులో విద్యుత్తు పుడుతుంది. కార్డులోని చిప్ ఆ కాస్త విద్యుత్తుతో మేలుకుని జవాబు చెబుతుంది. పుస్తకంలో ఫారడే పేరుతో చదువుకునే విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. తీగచుట్ట, దండయస్కాంతం, గాల్వనామీటరు పెట్టి బడిలో చేసే ప్రయోగానికి ఇది చాలా దగ్గరి చుట్టం.

మరి కారు ఆ ఫోన్‌ను ఎలా నమ్ముతుంది? మామూలు రహస్యపదం పెడితే, గాలిలో పోయే మాటను పక్కవాడు పట్టుకుని మళ్ళీ అదే వల్లిస్తే సరి, కారు వాడిదైపోతుంది. అందుకని కారు ప్రతిసారీ కొత్త ప్రశ్న వేస్తుంది. ఒక ఆట అనుకోండి. కారుకూ ఫోన్‌కూ మధ్య ఒక గుట్టు ఉంది: 'వచ్చిన సంఖ్యను 7తో హెచ్చించి 4 కలుపు'. కారు 12 అంటే ఫోన్ 88 అనాలి. రేపు 31 అంటే 221 అనాలి. నిన్నటి జవాబు 88ని దొంగ పట్టుకున్నా ఈరోజు ప్రశ్నకు అది పనికిరాదు. గుట్టు ఫోన్ దాటి బయటకు రాదు, జవాబు మాత్రమే వస్తుంది.

ఇక్కడ మన పిల్లలు చెయ్యెత్తుతారని మాకు తెలుసు. 12కు 88, 31కి 221 అని రెండు జతలు వింటే చాలు కదా. తేడాలు తీస్తే 19కి 133, అంటే 7. ఆ తర్వాత 4 దొరకడం ఎంతసేపు! రెండు చరరాశుల రేఖీయ సమీకరణాలు వచ్చినవాళ్ళెవరైనా ఈ కారును ఎత్తుకుపోగలరు. నిజమే. అందుకే నిజం కార్లలో ఈ సూత్రం సరళరేఖ కాదు. 78 అంకెల దాకా సాగే సంఖ్యలతో, ఎలిప్టిక్ కర్వ్ అనే వక్రరేఖల గణితంతో చేస్తారు. ఎన్ని జతలు విన్నా వెనక్కి లెక్కగట్టడం ఇప్పుడున్న కంప్యూటర్లకు అయ్యే పని కాదు. ఫోన్‌లో ఆ రహస్య సంఖ్యను దాచడానికి కొన్నిటిలో విడిగా ఒక చిప్పే ఉంటుంది. మనం ఫోన్‌లో పెట్టే ఫొటోల పక్కన అది పడి ఉండదు.

ఇంత చేసినా దొంగకు ఒక సందు మిగిలింది. గుట్టు విప్పక్కర్లేదు, దూరం మీద అబద్ధమాడితే చాలు. మీరు కారు బయట ఆపి హోటల్లో ఇడ్లీ తింటున్నారు. ఒకడు మీ పక్క బల్ల దగ్గర సంచితో కూర్చుంటాడు, ఇంకొకడు కారు పక్కన నిలబడతాడు. కారు వేసిన ప్రశ్నను రెండోవాడి పరికరం మొదటివాడి సంచిలోకి పంపుతుంది. జేబులోని ఫోన్ పాపం నిజాయతీగా జవాబు చెబుతుంది. ఆ జవాబు కారుకు చేరుతుంది. యజమాని పక్కనే ఉన్నాడనుకుని కారు తలుపు తీస్తుంది. 2022 మేలో ఎన్‌సీసీ గ్రూప్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు టెస్లా కారు బ్లూటూత్ తాళం మీద ఇది చేసి చూపించారు. బ్లూటూత్ సాధారణంగా దూరాన్ని సంకేతం బలాన్ని బట్టి అంచనా కడుతుంది. బలాన్ని మధ్యలో పెంచి మోసం చేయడం కష్టం కాదు.

అల్ట్రా వైడ్ బ్యాండ్ గొప్ప ఇక్కడే. అది బలం చూడదు, సమయం చూస్తుంది. రేడియో తరంగం కాంతి వేగంతో పోతుంది. సెకనులో వందకోట్లవ వంతులో, అంటే ఒక నానోసెకనులో, అది పోయేది సుమారు 30 సెంటీమీటర్లు. మన స్కేలు పొడవు. ప్రశ్న వెళ్ళి జవాబు రావడానికి పట్టిన సమయాన్ని కొలిస్తే ఫోన్ ఎక్కడుందో జానెడు తేడాలో తెలిసిపోతుంది. దొంగ తరంగాన్ని దారి మళ్ళించవచ్చు గానీ, కాంతి కంటే వేగంగా పరిగెత్తించలేడు. ఆలస్యం కాగానే కారుకు అనుమానం వస్తుంది. కార్ల, ఫోన్ల కంపెనీలు కలిసి పెట్టుకున్న కార్ కనెక్టివిటీ కన్సార్టియం 2021లో విడుదల చేసిన మూడో ప్రమాణంలో ఈ పద్ధతిని చేర్చింది. అది లేని కార్లలో, ఉన్నచోట, బండి కదిలే ముందు నాలుగంకెల పిన్ అడిగే ఏర్పాటు పెట్టుకోవడం మంచిది. రోజూ నాలుగు నొక్కులు పెద్ద కష్టమేం కాదు.

విద్యుత్ కారు 'స్టార్ట్' కావడం కూడా ఒక తమాషా. ఇంజనే లేదు కాబట్టి గర్రుమనడానికి ఏమీ లేదు. ఫోన్ తన వాడేనని తేలాక, బ్రేకు తొక్కితే, లోపల పెద్ద స్విచ్‌లు టక్కుమని మూసుకుని వందల వోల్టుల బ్యాటరీని మోటారుతో కలుపుతాయి. అద్దం ముందు 'రెడీ' అని వెలుగుతుంది. అంతే. ఒకప్పుడు లారీ ముందు హ్యాండిల్ పెట్టి తిప్పి చెమటోడ్చినవాళ్ళు చూస్తే బండి చచ్చిపోయిందనుకుంటారు. చప్పుడు లేదని బండి ఆగి ఉందనుకునే ప్రమాదం మాత్రం నిజంగానే ఉంది. చిన్నపిల్లలను లోపల వదిలి దిగినప్పుడు ఫోన్ ముందు సీట్లో మరిచిపోతే, తాళంచెవి వదిలేసినట్టే.

సిగ్నల్ లేని చోట ఏం చేయాలని కోరాపుట్, గడ్చిరోలి వైపు వాళ్ళు అడుగుతారు. బ్లూటూత్, ఎన్‌ఎఫ్‌సీలతో పనిచేసే తాళంచెవికి ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోనూ కారూ నేరుగా మాట్లాడుకుంటాయి. కానీ యాప్ తెరిచి 'అన్‌లాక్' అని నొక్కితే ఆ ఆదేశం ఎక్కడో ఉన్న సర్వర్ చుట్టూ తిరిగి రావాలి. 2021 నవంబర్‌లో టెస్లా సర్వర్ మొరాయించినప్పుడు యాప్‌నే నమ్ముకున్న కొందరు యజమానులు కారు పక్కనే నిలబడిపోయారు. జేబులో కార్డు ఉన్నవాళ్ళు వెళ్ళిపోయారు. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే కథ వేరు. కొన్ని ఐఫోన్లలో ఆగిపోయాక కూడా దాదాపు 5 గంటల దాకా ఆనించి తెరిచే వీలుంటుంది, అన్నిటిలో కాదు. ఇంకో చిత్రం: తలుపు గడియలను నడిపేది ఆ పెద్ద బ్యాటరీ కాదు. చాలా కార్లలో పక్కన ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది చచ్చిపోతే ఎంత ఖరీదైన ఫోన్ ఆనించినా కారు పలకదు. కొన్నవాళ్ళు చేతితో తెరిచే మార్గం ఏదో పుస్తకంలో ముందే చూసిపెట్టుకోవాలి.

ఇప్పుడు మేం అన్నిటికంటే ముఖ్యమనుకునేది. మన ఇళ్ళలో తాళాల గుత్తి ఉత్త ఇనుము కాదు. అత్త నడుముకున్న గుత్తి కోడలి చేతికి వచ్చిందంటే ఇంటి పెత్తనం మారిందని అర్థం. ఫోన్ తాళంచెవికీ అలాంటి పెత్తనం ఉంది, కంటికి కనిపించదు గానీ. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళే అసలు యజమాని. మిగతావాళ్ళకు తాళంచెవి పంపేదీ, వెనక్కి లాక్కునేదీ వాళ్ళే. కారు ఎక్కడుందో చాలా యాప్‌లలో వాళ్ళకు కనిపిస్తుంది. భార్య బండి తీసుకుని పుట్టింటికి వెళ్తే భర్త ఫోన్‌లో చుక్క కదులుతుంది. డ్రైవరుకు ఇచ్చిన తాళంచెవిని ఇంట్లో కూర్చునే రద్దు చేయవచ్చు. ఇది యజమానికి సుఖం. ఆ డ్రైవరు మన నాన్నో మామయ్యో అయితే, ఉద్యోగంలో చేరిన రోజే ఏ ఏర్పాటులో ఏం కనిపిస్తుందో అడిగి తెలుసుకోవడం తప్పు కాదు. ఇనుప తాళంచెవి తిరిగి ఇచ్చేశాక గొడవ ఉండదు. ఇదైతే పని మానేసిన రోజు ఫోన్‌లోంచి తీయించి, తీసేసినట్టు ఎదురుగానే చూసుకోవాలి.

పైగా మన ఇళ్ళలో ఇంకో చిక్కు. ఫోన్‌లో ఏ యాప్ పెట్టాలన్నా పెద్దవాళ్ళు పిల్లలనే పిలుస్తారు. తెర మీద ఇంగ్లిషో, కన్నడమో, తమిళమో ఉంటుంది. తెలుగు చదివే తాతకు పక్కన కూర్చుని అర్థం చెప్పేది తొమ్మిదో తరగతి మనవరాలే. ఆ హడావిడిలో ఆమె మెయిల్‌తోనే ఖాతా తెరిచేస్తారు, ఆమె నంబరుకే ఓటీపీ వస్తుంది. చట్టం కళ్ళకు కారు తాతది, కారు కళ్ళకు మనవరాలిది. సరదాగా అనిపించవచ్చు. కానీ 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 నిండని పిల్లలు బండి తోలి నేరం చేస్తే, సంరక్షకుడికో యజమానికో 3 ఏళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లలకు 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు రాదు. గోడకు తగిలించిన తాళంచెవిని దాచిపెట్టే పెద్దలు, పిల్లల ఫోన్‌లో ఉన్నదాన్ని తాళంచెవి అని గుర్తించరు.

ఆ మనవరాలు పై చదువుకు హైదరాబాదుకో విజయవాడకో వెళ్తే ఫోన్ కూడా ఆమెతో వెళ్తుంది. పాత ఫోన్ అమ్మేస్తుంది, నంబరు మారుస్తుంది. ఇక్కడ తాత కారు ముందు నిలబడితే ఓటీపీ అక్కడెక్కడో మోగుతుంది. కాబట్టి ఫోన్‌తో తెరిచే కారో స్కూటరో ఉన్న ఇంటి పిల్లలకు ఈ వారం పని ఇది. ఖాతా ఎవరి మెయిల్‌తో, ఎవరి నంబరుతో ఉందో తాతయ్యతోనో నాన్నతోనో కూర్చుని చూడండి. మీదైతే వాళ్ళ పేరుకు మార్పించండి. వాళ్ళ ఫోన్‌కు తెర తాళం లేకపోతే అదీ పెట్టించండి. కంపెనీ ఇచ్చిన కార్డు బీరువాలో కాకుండా పర్సులో ఉందో లేదో కనుక్కోండి. తెర మీద కనిపించే ఇంగ్లిషు మాటల్లో మీ తాతయ్యకు ఏది అర్థం కాలేదో, దానికి మీరు ఏ తెలుగు మాట చెప్పారో రాసి పంపితే ఈ పేజీలో వేస్తాం.